పరిసర శక్తితో నడిచే సెన్సర్ నెట్‌వర్క్‌లు: సకాలంలో ఘటనను పసిగట్టడం

వైర్లు లేకుండా రేడియో ద్వారా ఒకదానితో ఒకటి కబుర్లు ఇచ్చిపుచ్చుకునే చిన్న కొలత పరికరాల సముదాయం వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్. అందులోని ఒక్కో పరికరం ఒక నోడు. బ్యాటరీలు మార్చే పని లేకుండా ఎండ, గాలి, యంత్రాల అదురు, వేడిలో తేడా, చుట్టూ తిరిగే రేడియో తరంగాలు, ఇలా ఉన్నచోట దొరికే శక్తిని కూడగట్టుకుని నడిచేవి పరిసర శక్తి నెట్‌వర్క్‌లు. ఇంజినీర్లు మామూలుగా ఎనర్జీ హార్వెస్టింగ్ అనే మాటే వాడతారు. కొండచరియ కదలడం, అడవిలో నిప్పు రాజుకోవడం, గొట్టంలోంచి గ్యాసు కారడం, వంతెన దూలంలో పగులు రావడం వంటివి ఈ రంగం పరిభాషలో ఘటనలు. ఘటన జరిగిన క్షణానికీ, ఆ సంగతి తెలియవలసినవారికి తెలిసిన క్షణానికీ మధ్య గడిచే కాలాన్ని పనికొచ్చే గడువులోపలికి కుదించడమే సకాల గుర్తింపు. గడువు ఎంత అన్నది ఘటనను బట్టి మారుతుంది. గ్యాసు లీకయితే సెకన్లు, కార్చిచ్చయితే నిమిషాలు. కొండవాలు నెమ్మదిగా సడలుతున్నప్పుడు కొన్ని గంటలు దొరకవచ్చు.

బ్యాటరీ నోడు మూట విప్పుకుని తినేది. రోజుకు ఎంత తింటే ఎన్నాళ్లు వస్తుందో మొదటి రోజే లెక్క కట్టవచ్చు. పరిసర శక్తి నోడుది రోజుకూలీ బతుకు. పని దొరికిన రోజు దొరుకుతుంది, లేని రోజు లేదు. దాచుకునే డబ్బా కూడా చిన్నదే. కాబట్టి ఇక్కడ పొదుపు ఒక్కటే సరిపోదు, చేతికొచ్చినదాన్ని ఏ గడియలో ఖర్చు పెట్టాలో తెలియాలి. పైగా కొన్ని ఘటనలకు ఒక దుర్గుణం ఉంది: అవి కూలి లేని రోజు చూసుకునే వస్తాయి. కొండను నానబెట్టే ముసురే సౌరఫలకాన్నీ చీకట్లో పెడుతుంది. సగటు ఎండ, సగటు ఖర్చు చూసి గీసిన డిజైన్లు చాలావరకు ఇక్కడే బోల్తా పడతాయి.

పుట్టుపూర్వాలు

1990ల చివర కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో క్రిస్టోఫర్ పిస్టర్ ప్రతిపాదించిన 'స్మార్ట్ డస్ట్' అనే ఆలోచన ఈ రంగానికి ఊపిరి పోసింది. ధూళి కణమంత సెన్సర్లను చల్లి లోకాన్ని గమనించవచ్చన్నది ఆ ఊహ. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా డబ్బు పెట్టింది. ధూళి కణం రాలేదు కానీ అగ్గిపెట్టెకు కాస్త అటూఇటూగా ఉండే 'మోట్'లు వచ్చాయి. 2002లో అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరంలోని గ్రేట్ డక్ ద్వీపంలో సముద్రపక్షుల బొరియల్లో వీటిని పెట్టి చూశారు. 2005లో హార్వర్డ్ బృందం ఈక్వడార్‌లోని రెవెంటడోర్ అగ్నిపర్వతం మీద 16 నోడ్లు పరిచి, 19 రోజుల్లో 230 ఘటనలను పట్టింది. ఆ నోడ్లు టార్చిలైట్లలో వేసుకునే డి సైజు బ్యాటరీల జతతో నడిచాయి. నిప్పులు కక్కే కొండెక్కి బ్యాటరీలు మార్చడం ఎంతకాలం సాగుతుందన్న ప్రశ్న దానంతటదే వచ్చింది.

అలాంటి ప్రశ్నకే జవాబు వెతికిన రెండు పరికరాలు అదే ఏడు వెలువడ్డాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజలస్ శాఖ నుంచి హీలియోమోట్, బర్కిలీ నుంచి ప్రొమీథియస్. ప్రొమీథియస్‌లో సౌరఫలకం మొదట సూపర్‌కెపాసిటర్‌ను నింపుతుంది, మిగిలితే లిథియం బ్యాటరీకి పోతుంది. రోజూ నిండి ఖాళీ అయ్యే చాకిరీ కెపాసిటర్‌ది, కరువు రోజుల పూచీ బ్యాటరీది. నోడు 100లో 1 వంతు సమయమే మెలకువగా ఉంటే ఈ ఏర్పాటు 43 ఏళ్లు నడుస్తుందని దాని కర్తలు లెక్క చూపారు. ఆ గడువు 2048లో తీరుతుంది, అప్పుడు చూసుకోవచ్చు. ఇదే పద్ధతిని పెంచి 'ట్రయో' పేరుతో బర్కిలీ వారు 557 సౌర నోడ్లను ఆరుబయట పరిచారు.

2007లో అమన్ కన్సల్ తదితరులు రాసిన వ్యాసం ఈ రంగానికి ఒక మూలసూత్రం ఇచ్చింది: వచ్చినదానికి మించి ఖర్చు చేయకుండా, వచ్చినది వృథా కాకుండా నడిచే స్థితి. దీనికి 'శక్తి తటస్థత' అని పేరు. రోజును 48 అరగంటలుగా చేసి, ఒక్కో అరగంటలో గత రోజుల్లో ఎంత ఎండ దొరికిందో సగటు పెట్టుకుని, రేపటికి అంచనా కట్టి, దాన్నిబట్టి ఎంతసేపు మేలుకోవాలో నోడే నిర్ణయించుకుంటుంది. ఇటీవలి సంగతికి ఎక్కువ, పాతదానికి తక్కువ బరువు ఇస్తుంది. వరుసగా ఎండ కాసే కాలిఫోర్నియాలో ఇది చక్కగా నడుస్తుంది. నిన్నటి ఎండను నమ్ముకుని ఇవాళ ఖర్చు చేసే ఈ పద్ధతి మన జులై నెలలో ఏ గతి పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

నోడు జమాఖర్చు

ఒక నోడును దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. చాలా ప్రయోగశాలల్లో తిరిగిన టెలోస్‌బి నోడునే తీసుకుందాం. 10 కిలోబైట్ల పనిజ్ఞాపకం, సెకనుకు 250 కిలోబిట్లు పంపే రేడియో. రేడియో తెరిచి ఉంచితే సుమారు 20 మిల్లీఆంపియర్లు, అంటే 3 వోల్టుల వద్ద 60 మిల్లీవాట్లు ఖర్చు. విచిత్రమేమిటంటే మాట్లాడటానికీ వినడానికీ ఖర్చు దాదాపు ఒకటే. ఎవరైనా పిలుస్తారేమోనని చెవి ఒగ్గి కూర్చోవడమే అసలు దండగ. నిద్రలో మాత్రం కొన్ని మైక్రోఆంపియర్లు చాలు. 2500 మిల్లీఆంపియర్ గంటల పెన్సిల్ బ్యాటరీల జతతో రేడియోను ఎప్పుడూ తెరిచి ఉంచితే 5 రోజుల్లో పని అయిపోతుంది. నూటికి ఒక వంతు సమయమే తెరిస్తే ఏడాది దాటుతుంది.

ఇప్పుడు జమ వైపు. నడినెత్తిన ఎండ ఉంటే చదరపు సెంటీమీటరు సౌరఫలకం నుంచి 15 మిల్లీవాట్ల దాకా వస్తుంది. దట్టమైన మబ్బు పడితే అది 0.15 మిల్లీవాట్లకు, అంటే నూరో వంతుకు పడిపోవచ్చు. 10 చదరపు సెంటీమీటర్ల ఫలకం, రోజుకు 5 గంటల వెలుగు అనుకుందాం. మంచి ఎండ రోజున 2700 జౌళ్లు. ముసురు రోజున 27. రేడియోను రోజంతా తెరిచి ఉంచడానికి 5184 జౌళ్లు కావాలి. అంటే ఎండ రోజున సగం రోజు మెలకువగా ఉండగల నోడు, ముసురు రోజున ఏడున్నర నిమిషాలే మేలుకోగలదు. మార్పిడిలో పోయే నష్టాలను ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

దాచుకునే డబ్బా సంగతి కూడా చూడాలి. 2.5 వోల్టుల దాకా నిండిన 10 ఫారడ్ల సూపర్‌కెపాసిటర్‌లో 31 జౌళ్లు ఉంటాయి. వోల్టేజి సగానికి పడేలోపు అందులో ముప్పావు వంతే వాడుకోగలం, 23 జౌళ్ల చిల్లర. ఆరున్నర నిమిషాల రేడియోకు సమానం. మిట్టమధ్యాహ్నం ఆ డబ్బా నిండాక వచ్చే ఎండంతా నేలపాలే. అందుకే మధ్యాహ్నం పూట అతి పొదుపు పాటించే నోడు తెలివైనది కాదు, వట్టి పిసినారి. నిండిన కెపాసిటర్‌కు ఇంకా దాచడం వల్ల వచ్చే లాభం సున్నా కాబట్టి, ఆ గంటల్లో వీలైనన్ని సార్లు కొలవాలి. సూర్యుడు దిగిన కొద్దీ చెయ్యి బిగించాలి.

ఎండ తప్ప మిగతా మూలాలు ఇంకా పలుచన. గదిలో దీపాల వెలుతురుకు చదరపు సెంటీమీటరుకు పదుల మైక్రోవాట్లు, ఒంటి వేడికి కూడా అదే స్థాయి; గాలిలోని రేడియో తరంగాలకు చాలాచోట్ల ఒక మైక్రోవాటు కూడా రాదు.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది

ఘటనకూ హెచ్చరికకూ మధ్య గడిచే కాలం ఒకే ముద్ద కాదు. నోడు నిద్రలో ఉండగా ఘటన జరిగితే అది లేచేదాకా ఆలస్యం. లేచాక ఒక్క కొలతతో నమ్మకం కుదరక మరిన్ని కొలతలు తీసుకోవడం రెండో ఆలస్యం. పంపడానికి చాలినంత శక్తి లేక కెపాసిటర్ నిండేదాకా కాచుకోవడం మూడోది. బ్యాటరీ నోడ్లకు ఈ బాధ ఉండదు, ఇది పరిసర శక్తి నోడ్ల సొంత జబ్బు. తరువాత దారిలోని నోడ్లు ఒక్కొక్కటీ మేలుకుని కబురు అందుకోవాలి.

మొదటిదాని లెక్క సులువు. నోడు 10 నిమిషాలకొకసారి లేస్తే సగటు ఆలస్యం 5 నిమిషాలు. కానీ ఘటన 4 నిమిషాలే ఉండి మాయమయ్యేదైతే, 10లో 6 సార్లు అసలు దొరకదు. దూరం నుంచి పోయే వేటగాళ్ల వాహనం, పైపులో ఒక్కసారి ఎగసి తగ్గే ఒత్తిడి ఇలాంటివి. కొండవాలులో నీటి ఒత్తిడి పెరగడం అలాంటిది కాదు, ఒకసారి మొదలైతే నిలిచి ఉంటుంది. ఈ రెండు రకాల ఘటనలకు రెండు వేర్వేరు పద్ధతులు కావాలి. పరిశోధనలో కూడా రెండు పాయలున్నాయి: క్షణికమైనవాటిని ఎంత శాతం పట్టామన్నది ఒకటి, నిలిచి ఉండేవాటిని ఎంత త్వరగా పట్టామన్నది రెండోది. రెండింటినీ కలిపి మాట్లాడే వ్యాసాలను కొంచెం అనుమానంగా చదవడం మంచిది.

మున్నార్ కొండవాలు

మన దేశంలో ఈ సమస్య ముఖాముఖి ఎదురైన చోటు కేరళ ఇడుక్కి జిల్లాలోని మున్నార్. అక్కడి ఆంథోనియర్ కాలనీ పైనున్న కొండవాలులో అమృత విశ్వవిద్యాపీఠం పరిశోధకులు, మనీషా సుధీర్ నాయకత్వంలో, 2000ల చివర ఒక సెన్సర్ నెట్‌వర్క్ పెట్టారు. లోతుగా తవ్విన బోరుగుంతల్లోకి గొట్టాలు దించి, వాటిలో నేలరంధ్రాల్లోని నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్లు, తేమ సెన్సర్లు, వంపును కొలిచేవి, కంపనాలు వినే జియోఫోన్లు అమర్చారు. కొండ మీది కబురు నోడు నుంచి నోడుకు దూకి, అక్కడి నుంచి ఉపగ్రహ లంకె ద్వారా కొల్లం జిల్లా అమృతపురిలోని కేంద్రానికి చేరేది. బ్యాటరీలకు సౌరఫలకాలు ఛార్జింగ్ ఇచ్చేవి.

కొండ ఎందుకు జారుతుందో తెలిస్తే సెన్సర్ల ఎంపిక అర్థమవుతుంది. వాన నీరు మట్టిలోకి ఇంకి, రేణువుల మధ్య ఖాళీలు నింపుతుంది. ఆ నీటి ఒత్తిడి పెరిగే కొద్దీ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకునే బిగువు తగ్గుతుంది. ఒక స్థాయి దాటాక వాలు తన బరువును తానే మోయలేదు. ఇది ఒక్క క్షణంలో జరిగేది కాదు. గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. కనుక వాన తక్కువగా ఉన్నప్పుడు అరుదుగా కొలిచి, వాన బలపడే కొద్దీ, ఒత్తిడి హద్దులు దాటే కొద్దీ కొలతలను దగ్గర దగ్గరగా జరపడం మున్నార్ వ్యవస్థ పద్ధతి. వినడానికి ఎంతో సహజమైన పద్ధతి. కానీ శక్తి వైపు నుంచి చూస్తే ఇది తలకిందుల బేరం: ఫలకానికి తిండి లేని రోజునే ఖర్చు రెట్టింపు చేయమంటున్నాం.

2024 జులై 30న వయనాడ్ జిల్లా ముండక్కై, చూరల్‌మల ప్రాంతాలను తుడిచిపెట్టి 200 మందికి పైగా ప్రాణాలు తీసిన కొండచరియలు తెల్లవారకముందే, కుంభవృష్టి తరువాత జారాయి. సౌరఫలకం దృష్టిలో ఇంతకంటే చెడ్డ ముహూర్తం లేదు. కొండవాలు నోడుకు డబ్బా సైజు నిర్ణయించేటప్పుడు ఏడాది సగటు ఎండ ఎందుకూ కొరగాదు. నైరుతి రుతుపవనాల్లో వరుసగా ఎన్ని రోజులు వెలుగు రాకపోవచ్చు, ఆ చివరి రాత్రి ఎన్ని కొలతలు కావాలి, ఎన్ని హెచ్చరికలు పంపాలి, ఇవే అంకెలు. రైతు ఎంత కరువొచ్చినా విత్తనపు గింజల గంప ముట్టనట్టు, హెచ్చరిక పంపడానికి చాలిన శక్తిని నోడు రోజువారీ కొలతలకు ముట్టకుండా పక్కన పెట్టాలి. నోడును నడిపే లోపలి ప్రోగ్రాముల్లో, అంటే ఫర్మ్‌వేర్లలో, చాలావాటికి ఈ విభజన ఉండదు. శక్తి ఉన్నంతసేపు కొలిచి, తీరా ప్రమాదాన్ని గుర్తించాక దాన్ని చెప్పడానికి ఊపిరి లేక ఆగిపోతాయి.

అమృత బృందం తరువాత 2018లో సిక్కింలోని గాంగ్‌టక్ దగ్గర చాంద్‌మారి వాలులోనూ ఇలాంటి వ్యవస్థ పెట్టింది.

మార్పును పట్టే గణితం

ఎన్ని కొలతలు చూశాక 'మార్పు వచ్చింది' అని తేల్చాలి? తొందరపడితే అబద్ధపు అలారం, ఆగితే ఆలస్యం. ఈ పేచీకి మంచి తీర్పు కంప్యూటర్ నెట్‌వర్క్‌లు పుట్టకముందే వచ్చింది. 1954లో ఇంగ్లండులో ఇ. ఎస్. పేజ్ ఫ్యాక్టరీల్లో నాణ్యత తనిఖీ కోసం 'క్యూసమ్' అనే పద్ధతి చెప్పాడు. 1963లో మాస్కోలో ఆల్బర్ట్ షిర్యాయెవ్ ఇదే సమస్యను సంభావ్యతల దారిలో సాధించాడు. 1986లో జార్జ్ ముస్తాకిదీస్ పేజ్ పద్ధతి ఒక కచ్చితమైన అర్థంలో అత్యుత్తమమని నిరూపించాడు.

పద్ధతి చిటికెలో చెప్పవచ్చు. నీటి ఒత్తిడి మామూలుగా 20 కిలోపాస్కల్‌ల చుట్టూ ఉంటుందనీ, ప్రమాదమైతే 24 చుట్టూ ఉంటుందనీ అనుకుందాం. మధ్య అంకె 22. ప్రతి కొలతలోంచి 22 తీసివేసి, ఒక ఖాతాలో కలుపుతూ పోవాలి. ఖాతా సున్నా కిందికి పోతే సున్నా దగ్గరే నిలపాలి. కొలతలు 21, 19, 23, 22, 24, 25, 24 అని వచ్చాయనుకోండి. ఖాతా వరుసగా 0, 0, 1, 1, 3, 6, 8. హద్దు 7 అని పెట్టుకుంటే ఏడో కొలత దగ్గర అలారం మోగుతుంది. గమనించండి, ఏ ఒక్క కొలతా భయపెట్టేంత పెద్దది కాదు. 26 దాటితేనే అలారం అనే మామూలు హద్దు పద్ధతి ఇక్కడ మౌనంగా కూర్చునేది. ఇంత పనీ ఒక తీసివేత, ఒక కూడిక, ఒక పోలిక. 10 కిలోబైట్ల నోడుకు ఇంతకంటే అనువైన గణితం దొరకదు.

శక్తి కరువున్న చోట దీనికి ఒక మెరుగు చేర్చారు. 2010ల మొదట్లో తపోష్ బెనర్జీ, వేణుగోపాల్ వీరవల్లి ఇలా చూపారు: ఖాతా సున్నా దగ్గర ఆపకుండా కిందికి పోనిచ్చి, ఎంత కిందికి పోతే అంతసేపు కొలతలు మానేసి నిద్రపోవచ్చు. పరిస్థితి ఎంత ప్రశాంతంగా ఉందని తేలితే అంత పెద్ద కునుకు. అనుమానం మొదలైతే ఒక్క కొలతా వదలకూడదు. అబద్ధపు అలారాల హద్దును కఠినంగా పెట్టిన సందర్భాల్లో, ఇన్ని కొలతలు మానేసినా గుర్తించే వేగం అన్ని కొలతలూ తీసుకున్నదానికి దాదాపు సమానంగా ఉంటుంది. నా లెక్కలో ఈ రంగంలోని అందమైన ఫలితం ఇదే. జున్ గెంగ్, లిఫెంగ్ లై వంటివారు శక్తి అడపాదడపా వచ్చే నోడుకు ఇదే గణితాన్ని విస్తరించారు.

అబద్ధపు అలారానికి ఇక్కడ ఇంకో శిక్ష ఉంది. ఊళ్లో జనం నమ్మకం పోవడం అందరికీ తెలిసిందే. దానితోపాటు ఆ అలారం పంపడంలో నోడు తన డబ్బా ఖాళీ చేసుకుంటుంది. నిజమైన ఘటన అరగంట తరువాత వస్తే అప్పటికది మూర్ఛలో ఉంటుంది.

ఎప్పుడు మేలుకోవాలి, ఎవరు మేలుకోవాలి

ఒకే చోటును చాలా నోడ్లు గమనిస్తున్నప్పుడు వంతులు వేసుకోవడం తెలివి. 5 నోడ్లు 10 నిమిషాలకొకసారి లేచేవైతే, ఒకదాని తరువాత ఒకటి లేచేలా సర్దితే ప్రతి 2 నిమిషాలకూ ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు. అన్నీ కలిసి లేచి కలిసి పడుకుంటే ఐదు పెట్టిన లాభం లేదు. 2005లో కౌశిక్ కర్ తదితరులు రీఛార్జి అయ్యే నోడ్ల మీద ఒక సాదా నియమాన్ని విశ్లేషించారు: మెలకువగా ఉన్నవి ఒక హద్దుకు తక్కువగా ఉంటే నేను లేస్తాను, లేకుంటే పడుకుంటాను. హద్దును సరిగా ఎంచుకుంటే ఈ మోటు నియమం కూడా సాధ్యమైన అత్యుత్తమ ఫలితంలో కనీసం ముప్పావు వంతు ఇస్తుందని నిరూపించారు.

వంతులు నిలవాలంటే గడియారాలు కలవాలి. నోడ్లలోని స్ఫటికం పదిలక్షల్లో 40 పాళ్లు తప్పితే రోజుకు దాదాపు మూడున్నర సెకన్ల తేడా. అప్పుడప్పుడు సరిచేసుకోకపోతే వంతులు కలగాపులగమవుతాయి, సరిచేసుకోవడానికీ రేడియోయే కావాలి. పైగా ఇలాంటి సిద్ధాంతాల్లో తరచుగా దాగి ఉండే ఒక ఊహ ఉంది: ఒక నోడుకు శక్తి లేకుంటే పక్కదానికి ఉంటుందని. చెట్టు నీడ విషయంలో అది నిజం. మబ్బు మాత్రం కొండ మీదున్న అందరి కూలీ ఒకేసారి కొడుతుంది. ఐదు నోడ్లున్నా ఒక్కటి ఉన్నట్టే అయ్యే రోజులవి.

'సమాచార వయసు' అనే కొలమానం 2010ల నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. కేంద్రం దగ్గరున్న తాజా కబురు పుట్టి ఎంతసేపయిందన్నదే దాని వయసు. దీని నుంచి వచ్చిన ఒక ఫలితం చదివినవారిని కాసేపు ఆపుతుంది. డబ్బాలో ఒక్క కబురుకు సరిపడా శక్తే పట్టే నోడు ఉందనుకుందాం. శక్తి యాదృచ్ఛికంగా, సగటున గంటకొకసారి వస్తుంది. వచ్చిన వెంటనే పంపేస్తే సగటు వయసు గంట. కిందటి కబురు తరువాత 54 నిమిషాలు గడిచేదాకా బిగబట్టి, ఆపైన చేతిలో శక్తి ఉన్న క్షణాన పంపితే సగటు వయసు కూడా 54 నిమిషాలకు తగ్గుతుంది. వెంటవెంటనే రెండు కబుర్లు పంపడం దండగ కాబట్టి ఆగినవాడే ముందుంటాడు. అయితే ఘటన గుర్తింపుకు వయసు అసలైన కొలమానం కాదనే నా అభిప్రాయం. ఏమీ జరగని వారంలో కబురు ఎంత పాతదైనా నష్టం లేదు. కేంద్రం నమ్ముతున్నది తప్పుగా ఉన్న కాలాన్నే లెక్కించే కొలమానాలు తరువాత వచ్చాయి, అవి ఈ పనికి దగ్గరగా ఉన్నాయి.

కబురు ప్రయాణం

దారిలోని ప్రతి నోడూ సెకనుకొకసారి లేచి వింటుందనుకుంటే, నోడు నుంచి నోడుకు ఒక్కో గెంతుకు సగటున అర సెకను. 6 గెంతులకు 3 సెకన్లు. కొండచరియకు ఇది లెక్కలోకి రాదు, గ్యాసు లీకుకు వస్తుంది. 2011లో జూరిక్ నుంచి వచ్చిన 'గ్లాసీ' పద్ధతి నోడ్లన్నిటిచేత ఒకే క్షణాన ఒకే కబురు అరిపించి, కొన్ని మిల్లీసెకన్లలో నెట్‌వర్క్ అంతా పాకిస్తుంది. దానికి గడియారాలు కచ్చితంగా కలవాలి. మనదేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్సు లేకుండా నడిచే లోరా రేడియోలు ఒకే గెంతులో కిలోమీటర్లు దాటి, మధ్య నోడ్ల బెడద తప్పిస్తాయి. కానీ ఎక్కువ దూరం అమరికలో పది బైట్ల కబురుకే దాదాపు ఒక సెకను పడుతుంది. అంతసేపు అరవడానికి శక్తి డబ్బాలో ఉండాలి.

వినడం ఖర్చు తగ్గించే దారి మరొకటి: నోడును పూర్తిగా నిద్రపుచ్చి, అతి చిన్న కాపలా సర్క్యూటును మాత్రం మెలకువగా ఉంచడం. 2015లో దార్పా మొదలుపెట్టిన ఎన్-జీరో కార్యక్రమం కాపలా ఖర్చును 10 నానోవాట్లకు దించాలని గురి పెట్టుకుంది. టెలోస్‌బి రేడియో చెవి ఒగ్గడానికి తినేదానిలో ఇది 60 లక్షల వంతు.

చచ్చి లేచే పరికరాలు

కొన్ని నోడ్లకు బ్యాటరీ ఉండదు, సూపర్‌కెపాసిటరూ ఉండదు. చిటికెన వేలి గోరంత కెపాసిటర్ ఒకటి. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 2.4 వోల్టుల నుంచి 1.8కి దిగేలోపు ఇచ్చేది 126 మైక్రోజౌళ్లు. రేడియో 2 మిల్లీసెకన్లు తెరవడానికే సరి. ఇవి సెకనుకు పదులసార్లు కూడా ఆగి మళ్లీ లేస్తుంటాయి. లేచిన ప్రతిసారీ పని మొదటికి రాకుండా, ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకునే ఉపాయాలు 2011లో వచ్చిన 'మెమెంటోస్'తో ఊపందుకున్నాయి. ఇలాంటి పరికరానికి ఇంకో చిక్కు: ఎంతసేపు పడుకుందో దానికి తెలియదు. తన దగ్గరున్న కొలత ఇప్పటిదా, గంట కిందటిదా? విద్యుత్తు పోయాక జ్ఞాపకకణాలు చెరిగే తీరు చూసి గడిచిన కాలాన్ని అంచనా వేయడం 2012 నాటి 'టార్డిస్' చమత్కారం.

సకాల గుర్తింపుకు నేరుగా పనికొచ్చినది 2018లో కార్నెగీ మెలన్ నుంచి వచ్చిన 'కాపిబారా'. చిన్న కెపాసిటర్ త్వరగా నిండుతుంది కాబట్టి తరచుగా కొలవవచ్చు, కానీ కబురు పంపలేదు. పెద్దది పంపగలదు, కానీ నిండేదాకా నోడు గుడ్డిది. కాపిబారా రెండింటినీ పెట్టి, పెద్దదాన్ని ముందే నింపి తాళం వేసి, చిన్నదానితో కొలతలు సాగిస్తుంది. ఘటన తగిలితే తాళం తీస్తుంది. విత్తనపు గింజల గంపను ఫర్మ్‌వేర్ మంచితనానికి వదలకుండా హార్డ్‌వేర్‌లోనే కట్టేశారన్నమాట.

ఘటనే శక్తి అయిన చోట

అన్నిచోట్లా ఘటనకూ శక్తికీ వైరం ఉండదు. 2001లో జర్మనీలో సీమెన్స్ నుంచి విడిపోయి ఏర్పడిన ఎన్‌ఓషన్ సంస్థ స్విచ్చిలకు బ్యాటరీ లేదు, గోడలో వైరూ లేదు. వేలితో నొక్కిన బలమే రేడియో కబురుకు చాలిన విద్యుత్తు పుట్టిస్తుంది. ఘటన లేనప్పుడు ఖర్చు సున్నా, ఘటన వచ్చినప్పుడు ఆలస్యం దాదాపు సున్నా. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం చేసిన 'మోంజోలో' విద్యుత్ మీటరు ఇంకా తమాషా. కరెంటు తీగ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం నుంచి శక్తి తీసుకుని, డబ్బా నిండిన ప్రతిసారీ ఒక కబురు పంపుతుంది. కబుర్లు ఎంత తరచుగా వస్తే కరెంటు అంత ఎక్కువ వాడుతున్నట్టు. అక్కడ శక్తి సేకరణ యంత్రమే సెన్సరు.

కార్చిచ్చులు ఈ రెంటికీ మధ్య. అవి ఎండాకాలపు జబ్బు కాబట్టి ఫలకానికి అనుకూలమే, కానీ దట్టమైన అడవిలో ఆకుల గొడుగు కింద చదరపు సెంటీమీటరుకు దక్కేది కొంచెమే. జర్మనీకి చెందిన డ్రయాడ్ సంస్థ చెట్లకు కట్టే గ్యాసు సెన్సర్లలో లిథియం బ్యాటరీ బదులు సూపర్‌కెపాసిటర్ వాడుతుంది. అడవిలో నిప్పు పసిగట్టడానికి పెట్టిన పెట్టే నిప్పుకు కారణం కాకూడదు కదా.

ఇలాంటి వ్యవస్థల టెండరు పత్రాల్లో బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది, రేడియో ఎన్ని కిలోమీటర్లు పోతుంది అన్న గడులు తప్పక ఉంటాయి. ఐదు రోజులు వెలుగు లేని తరువాత, ఆరో రాత్రి రెండు గంటలకు ఘటన జరిగితే హెచ్చరిక ఎన్ని నిమిషాల్లో చేరుతుందన్న గడి ఉండదు. కొండవాలుకో వాగు గట్టుకో సెన్సర్లు కొనే పంచాయతీలు, శాఖలు ఆ గడి చేర్చి, అమ్మేవారిచేత అంకె రాయించుకోవాలి.